ఆ నూరుగురు వినియోగదారులు ఎవరు?

మన కళాశాలలోనూ, మన కళాశాల వంటి ఇతర విద్యాలయాలలోనూ, వాణిజ్య శాస్త్ర విద్యార్థులు చివరి సంవత్సరంలో సమర్పించే పరిశోధన నివేదికలు ఏటేటా బీరువాలను నింపుతున్నాయి. వాటి శీర్షికలు చూడగానే లోపలి విషయం ఊహించవచ్చును. ఫలానా సబ్బు పట్ల వినియోగదారుల సంతృప్తి. ఫలానా ద్విచక్ర వాహనపు కొనుగోలుపై ప్రకటనల ప్రభావం. ఆన్‌లైన్ కొనుగోళ్ల పట్ల యువతరం వైఖరి. నివేదికలో అయిదు అధ్యాయాలుంటాయి. నూరుగురు వినియోగదారులను ప్రశ్నించినట్లు మూడవ అధ్యాయం చెబుతుంది. ఆ నూరుగురి జవాబులు నాల్గవ అధ్యాయంలో రంగురంగుల వృత్తాలుగా, శాతాలుగా దర్శనమిస్తాయి. అయిదవ అధ్యాయంలో ఉత్పత్తిదారునికి హితబోధ ఉంటుంది: నాణ్యత పెంచవలెను, ధర తగ్గించవలెను, ప్రకటనలు అధికం చేయవలెను. ఈ హితవు చెప్పడానికి నూరుగురిని అడగనక్కరలేదు. ఒక్కరినీ అడగనక్కరలేదు.

అయితే ఆ నూరుగురు ఎవరు? ఎక్కడ దొరికారు? వారినే ఎందుకు అడిగారు? ఈ ప్రశ్నకు చాలా నివేదికల్లో 'సౌలభ్య ప్రతిచయనం' అనే గంభీరమైన మాట జవాబుగా కనిపిస్తుంది. చేతికందిన వారిని అడిగితిమని దాని అర్థం. పూర్వం వీరు తరగతి మిత్రులు, మేనమామలు, పినతండ్రి కొడుకులు. ఇప్పుడు గూగుల్ ఫారం ఒకటి తయారుచేసి వాట్సాప్ బృందంలో పెడితే సాయంత్రానికి నిండిపోతుంది. అందరికీ ఒకే వయసు, ఒకే బస్తీ, ఒకే కళాశాల. వీరి జవాబులను పట్టుకొని 'హైదరాబాదు నగర వినియోగదారులు' అని అట్టమీద అచ్చువేయడం సాహసమే. మరొక సంగతి కూడా చెప్పక తప్పదు. ఆ నూరుగురిలో కొందరు అసలు పుట్టనే లేదు. నివేదిక సమర్పించవలసిన గడువుకు ముందు రాత్రి, హాస్టలు గదిలో, రెండు రంగుల కలాలతో జన్మించిన వారు వారు. ఈ రహస్యం విద్యార్థులకు తెలుసు, చాలామంది అధ్యాపకులకు తెలుసు, మౌఖిక పరీక్షకు వచ్చే పరీక్షకులకూ తెలుసు. అందరికీ తెలిసిన రహస్యం గనుక ఎవరూ దాని గురించి మాట్లాడరు.

విద్యార్థులను నిందించడం ఈ వ్యాసోద్దేశం కాదు. పాఠ్యప్రణాళిక వారికి అంకమధ్యమం, మధ్యగతం, ప్రామాణిక విచలనం, కై వర్గ పరీక్ష నేర్పుతుంది. అంకె చేతికి వచ్చిన తరువాత ఏమి చేయవలెనో చెబుతుంది. ఆ అంకె ఎలా పుట్టింది, పుట్టేటప్పుడు దానికి ఏయే వైకల్యాలు రావచ్చును అనే విషయం అరపేజీలో ముగుస్తుంది. పరీక్షలో దాని మీద ప్రశ్న రావడం అరుదు. పిండి ఎక్కడిదో అడగకుండా రొట్టె కాల్చడం మాత్రమే నేర్పినట్లయింది.

వినియోగదారుని ప్రవర్తనను అంకెలతో పట్టుకొనే ప్రయత్నం ప్రకటనల కంపెనీలతో మొదలు కాలేదు. అది పేదవాని వంటింటిలో మొదలయింది. 1857లో ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త బెల్జియం దేశపు శ్రామిక కుటుంబాల ఆదాయవ్యయ పట్టికలను పరిశీలించి, కుటుంబం ఎంత పేదదయితే దాని ఖర్చులో ఆహారపు వంతు అంత అధికమని చూపించాడు. మన ఆర్థిక శాస్త్ర పుస్తకాల్లో ఎంగెల్ సూత్రంగా రెండు మార్కుల ప్రశ్నకు పరిమితమైన ఈ విషయం ఈనాటికీ మన దేశపు స్థితిగతులకు కొలబద్దగా పనిచేస్తున్నది. 2011-12 జాతీయ సర్వేలో గ్రామీణ కుటుంబాల ఖర్చులో ఆహారానికి పోయినది సుమారు 53 శాతం. 2022-23 సర్వేలో అది 46 శాతం చిల్లరకు దిగింది. పట్టణాల్లో సుమారు 43 శాతం నుండి 39కి తగ్గింది. అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించేది ధాన్యాల సంగతి. 1999-2000లో పల్లె కుటుంబపు ఖర్చులో బియ్యం, గోధుమ, జొన్న మొదలైన వాటి వంతు 22 శాతానికి తక్కువ కాదు. 2022-23 నాటికి అది 5 శాతం లోపు. పానీయాలు, తయారుచేసి అమ్మే తినుబండారాల వంతు ధాన్యాలకు దాదాపు రెట్టింపు. రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో తలసరి నెలసరి వ్యయం ఇంచుమించు సమానం: తెలంగాణలో 4,802 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 4,870. పట్టణాలకు వచ్చేసరికి తెలంగాణలో 8,158, ఆంధ్రప్రదేశ్‌లో 6,782. ఈ తేడాలో హైదరాబాదు ఒక్క నగరానిదే ఎంత భాగమో వేరుచేసి చూడడం ఏ విద్యార్థికైనా చక్కని అంశం. అట్టి శీర్షికతో ఒక్క నివేదికయినా మన బీరువాలో కనిపించదు.

ఈ అంకెలు ఎలా వచ్చాయన్నది అంకెలకంటె ముఖ్యమైన కథ. 1931 డిసెంబరులో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ ప్రారంభించిన భారతీయ గణాంక సంస్థ, 1937 నుండి బెంగాలులో నమూనా సర్వేలు చేపట్టింది. కుటుంబ వ్యయం, జనుము సాగు, ప్రజాభిప్రాయం మొదలైన వాటితోపాటు జనుల తేనీటి అలవాట్లు కూడా ఆ తొలి సర్వేల్లో ఉన్నాయి. ఇరానీ చాయ్ నగరంలో నివసించే మనకు ఈ సంగతి రుచించవలెను. మహలనోబిస్ చేసిన ఏర్పాట్లలో ఒకటి మన వంటి కళాశాలకు నేటికీ పనికివస్తుంది. ఒకే ప్రాంతం నుండి రెండు వేరువేరు నమూనాలు తీసి, ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు బృందాలకు అప్పగించేవాడు. రెండు బృందాల ఫలితాలను పక్కపక్కన పెడితే, ఆ తేడాలో యాదృచ్ఛికం ఎంత, పని చేసినవారి లోపం ఎంత అన్నది తేలిపోయేది. మనిషిని నమ్మి పని అప్పగించడం, ఆ పనిని సరిచూడడం, రెండూ ఒకే ఏర్పాటులో ఇమిడిపోయాయి. ఎవరినీ దొంగ అనవలసిన పని లేదు. 1950లో జాతీయ నమూనా సర్వే ఈ అనుభవం మీదనే ఏర్పడింది. మహలనోబిస్ వద్ద చేరినవారిలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన కల్యంపూడి రాధాకృష్ణారావు ఒకరు. 1945లో ఆయన ప్రచురించిన పరిశోధన పత్రం గణాంక శాస్త్రానికి శాశ్వత సంపద. 2023లో ఆయన గతించినప్పుడు మన పత్రికలు ఘనంగా నివాళులర్పించాయి. ఆయన సూత్రం ఏమి చెబుతున్నదో ఒక్క పేరాలో వివరించిన పత్రిక నాకు కనిపించలేదు.

జాతీయ సర్వేలోని ఒక చిన్న ప్రశ్న దేశమంతటా పెద్ద వివాదం రేపింది. 'గత ముప్పై రోజుల్లో మీ ఇంట వంటనూనె ఎంత వాడారు?' అని అడిగేవారు. 1994 నుండి 1998 వరకు జరిగిన ప్రయోగాల్లో కొన్ని కుటుంబాలను ముప్పై రోజులకు, మరికొన్నింటిని ఏడు రోజులకు అడిగి చూశారు. ఏడు రోజుల ప్రశ్నకు వచ్చిన జవాబులను నెలకు లెక్కగట్టగా ఆహార వ్యయం సుమారు 30 శాతం అధికంగా తేలింది. వారం సంగతి జ్ఞాపకముంటుంది, నెల సంగతి మరుగున పడుతుంది అని కొందరన్నారు. కాదు, వారం అడిగితే అంతకుముందు వారం కొన్నదానిని కూడా ఇందులో కలిపి చెబుతారు అని మరికొందరన్నారు. వాదం ఏదైనా, ఏడు రోజుల పద్ధతి అనుసరిస్తే దేశంలోని పేదల సంఖ్య దాదాపు సగానికి పడిపోయేది! ఒక్క పేదవాని కంచంలోనూ ఒక్క మెతుకు పెరగకుండానే. 1999-2000 సర్వేలో రెండు ప్రశ్నలనూ ఒకే పత్రంలో పక్కపక్కన అచ్చువేసి ఒకే ఇల్లాలిని అడిగారు. ఒక జవాబు చెప్పినవారు రెండవ జవాబును మొదటిదానికి సరిపోయేలా చెప్పడం మానవ సహజం. దాంతో ఆ సంవత్సరపు అంకెలను వెనుకటి వాటితో పోల్చడమే కష్టమై, ఆర్థికవేత్తలు ఏండ్ల తరబడి తర్కించుకొన్నారు. 2015లో నోబెల్ బహుమతి పొందిన ఏంగస్ డీటన్ ఈ చర్చలో ప్రముఖుడు. 2022-23లో అడిగే పద్ధతి మళ్లీ మారింది. ఒకే కుటుంబం వద్దకు మూడు నెలల్లో మూడుసార్లు వెళ్లి, మూడు భాగాలుగా ప్రశ్నలు వేశారు. కనుక పైన నేను చెప్పిన ఆహారపు వంతు తగ్గుదలలో కొంత భాగం మన జీవితాల మార్పు, కొంత భాగం ప్రశ్న మార్పు కావచ్చునని పాఠకులు గుర్తుంచుకోవలెను. మధ్యలో 2017-18లో జరిగిన సర్వేను, దత్తాంశాల నాణ్యత బాగులేదన్న కారణంతో విడుదల చేయబోమని 2019 నవంబరులో ప్రభుత్వం ప్రకటించింది. లోపాలుంటే లోపాలను వివరించి అంకెలను బయటపెట్టవలసింది. తూకం తప్పని అనుమానం వచ్చినప్పుడు తక్కెడను జనం ముందు పెట్టడం వర్తక ధర్మం గదా!

ఇదంతా ఢిల్లీ సంగతి, మనకెందుకు అనుకొనే విద్యార్థులుంటారు. అధ్యాపకుల జీతాల్లో కలిసే కరువు భత్యం ధరల సూచీ సంఖ్యపై ఆధారపడుతుంది. ఆ సూచిలో బియ్యానికెంత భారం, ఇంటి అద్దెకెంత భారం అన్నది కుటుంబ వ్యయ సర్వేలే నిర్ణయిస్తాయి. అంతకంటె మనకు దగ్గరి సంగతి ఇంకొకటి ఉన్నది. ముస్లిం సమాజపు పేదరికాన్ని గురించి వేదికల మీద దశాబ్దాల పాటు ఆవేశంతో మాట్లాడారు. ఆ మాటలకు ప్రభుత్వం కాదనలేని ఆధారం దొరికినది 2006 నవంబరులో వెలువడిన సచార్ సంఘం నివేదికతో. ఆ నివేదికలోని వ్యయ పట్టికలకు మూలం 2004-05 జాతీయ నమూనా సర్వే. అనగా ఎవరో ఒక క్షేత్ర పరిశోధకుడు, ఏదో ఒక బస్తీలో, ఒక గడప ముందు కూర్చుండి, పప్పు ఎంత, కిరసనాయిలు ఎంత, పిల్లల ఫీజు ఎంత అని అడిగి రాసుకొన్న కాగితాలు. ఆ పరిశోధకుడు కూడా గడువుకు ముందు రాత్రి గదిలో కూర్చుండి రెండు రంగుల కలాలతో ఆ కాగితాలు నింపి ఉంటే? మన సమాజం తన దుస్థితిని రుజువు చేసుకోవడానికి ఏ సాధనం మీద ఆధారపడినదో, అదే సాధనాన్ని మన విద్యార్థులు తరగతి గదిలో అపహాస్యం పాలు చేయడం చూస్తూ ఊరుకోవడం నాకు భరించరానిదిగా ఉన్నది.

లోపం మన దగ్గరే ఉన్నదనుకోనక్కరలేదు. వినియోగదారుని మనస్తత్వంపై పాశ్చాత్య విశ్వవిద్యాలయాల్లో జరిగిన పరిశోధనకు కూడా ఇటీవలి కాలంలో గట్టి దెబ్బలు తగిలాయి. మన మార్కెటింగ్ పుస్తకాల్లో జామ్ సీసాల ప్రయోగం ఉంటుంది. కాలిఫోర్నియాలోని ఒక దుకాణంలో 24 రకాల జామ్ రుచి చూపినప్పుడు, ఆగినవారిలో నూటికి ముగ్గురే కొన్నారు. 6 రకాలు మాత్రమే పెట్టినప్పుడు నూటికి ముప్పైమంది కొన్నారు. 2000లో అయ్యంగార్, లెపర్ అనే పరిశోధకులు ప్రకటించిన ఈ ఫలితాన్ని బట్టి, ఎంపిక ఎక్కువైతే కొనుగోలుదారు తికమకపడతాడని సూత్రం ఏర్పడింది. 2010లో ఇతర పరిశోధకులు అటువంటి ప్రయోగాలనేకం ఒకచోట చేర్చి లెక్కగట్టగా సగటు ప్రభావం సున్నకు సమీపంగా తేలింది. కొన్నిచోట్ల ఎంపిక హాని చేసింది, కొన్నిచోట్ల మేలు చేసింది. మన పుస్తకాల్లో ఈ రెండవ సగం ఇంకా చేరలేదు. బేగంబజారులో గుట్టలుగా పేర్చిన వందల రకాల సరుకు మధ్య బేరమాడి నచ్చినది కొనుక్కొని వచ్చే ఇల్లాళ్లను చూసినవారికి మొదటి సగం మీద ఎప్పుడూ కొంత అనుమానం ఉండవలసిందే.

జామ్ ప్రయోగంలో మోసం లేదు, తొందరపాటు ఉన్నదంతే. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆహారపు అలవాట్లపై పరిశోధించి ప్రపంచ ప్రసిద్ధి పొందిన బ్రయన్ వాన్సింక్ సంగతి వేరు. ప్రయోగం మొదట అనుకొన్న ఫలితం ఇవ్వనప్పుడు, అవే దత్తాంశాలను తిప్పి తిప్పి ఏదో ఒక ఫలితం పిండవచ్చునని ఆయన 2016లో స్వయంగా రాసుకొన్న వ్యాసమే ఆయన పతనానికి నాంది అయింది. 2018లో అమెరికా వైద్య సంఘపు పత్రికలు ఆయన పత్రాలు ఆరింటిని ఒకేసారి ఉపసంహరించాయి. విశ్వవిద్యాలయం విచారణ తరువాత ఆయన రాజీనామా ప్రకటించాడు. ఇంకొక ఉదంతం. ఫారం చివర కాక మొదటనే సంతకం చేయిస్తే జనం నిజం చెబుతారని 2012లో వెలువడిన సుప్రసిద్ధ పత్రాన్ని 2021లో ఉపసంహరించారు. అందులోని వాహన బీమా దత్తాంశాలు కల్పితమని తేలడమే కారణం. నిజాయితీ మీద చేసిన పరిశోధనలోనే అబద్ధపు అంకెలు!

నూటికి అయిదు అనే సార్థకత స్థాయికి ఫిషర్ 1925 నాటి తన గ్రంథంలో ప్రచారం కల్పించాడు. అదొక వాడుకే గాని వేదవాక్కు కాదు. ఏ సంబంధమూ లేని ఇరవై ప్రశ్నలకు పరీక్ష జరిపితే సగటున ఒకదానికి 'సార్థకం' అని రావడం ఆ స్థాయిలోనే ఇమిడి ఉన్నది. మన విద్యార్థి వయసుకు, లింగానికి, ఆదాయానికి, విద్యకు, సబ్బు రంగుకు మధ్య పాతిక పట్టికలు వేసి, సార్థకమైన ఒక్కదానినే నివేదికలో చూపితే అతడు తెలియకనే వాన్సింక్ మార్గంలో నడిచినట్లు. తెలియక చేసినదానికి నేరం అతనిది కాదు. శూన్య పరికల్పన నిలిచిన నివేదికకు మార్కులు తగ్గించే పద్ధతిదే నేరం. అధ్యాపకుల మీది ఒత్తిడి కూడా ఇటువంటిదే. పదోన్నతికి పత్రాల సంఖ్య లెక్క అయినప్పటినుండి డబ్బు తీసుకొని ఏదైనా అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం తన ఆమోదిత జాబితా నుండి ఒక్కసారిగా 4,305 పత్రికలను తొలగించవలసి వచ్చింది. ఆ వివరాల జోలికి పోను.

ఇంతకీ మన కళాశాల విద్యార్థులు పరిశోధించదగిన విషయాలు లేవా? ఎవరూ సరిగా చేయనివి, మనమే చేయదగినవి ఉన్నాయి. ఒక్కటి చెబుతాను.

కాలశ్రేణుల పాఠంలో ఋతుసంబంధ విచలనాలు నేర్పుతారు. పన్నెండు నెలల చలన సగటు తీసి, ప్రతి నెలకూ ఒక ఋతు సూచీ కట్టడం పద్ధతి. సంక్రాంతి ఏటా జనవరి 14 లేక 15. జనవరి సూచిలో అది కుదురుగా కూర్చుంటుంది. దీపావళి, ఉగాది అధికమాసం పుణ్యమా అని కొన్ని వారాల మేర ముందువెనుకలైనా మళ్లీ తమ స్థానానికి వస్తాయి. హిజ్రీ సంవత్సరానికి అధికమాసం లేదు. రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరిగి, 33 ఏండ్లకు గాని ఋతుచక్రమంతా తిరిగిరాదు. 2015లో ఈద్ జూలై 18న వచ్చింది. 2025లో మార్చి 31న, ఉగాది మరునాడే వచ్చింది. పత్తర్‌ఘట్టీ బట్టల అంగళ్లకు, లాడ్ బజారు గాజుల అంగళ్లకు, హలీం బట్టీలకు, సేమ్యా, ఖర్జూరం అమ్మేవారికి సంవత్సరపు వ్యాపారంలో పెద్ద వంతు ఈ ఒక్క నెలలో నడుస్తుంది. పదేండ్ల అమ్మకాల అంకెలు తీసుకొని పుస్తక పద్ధతిలో ఋతు సూచీ కడితే, రంజాన్ శిఖరం మార్చి నుండి జూలై వరకు చదునుగా పరచుకొని, ఏ నెలకూ నిజం కాని అంకె వస్తుంది. దాని ప్రకారం సరుకు తెప్పించిన వర్తకుడు ఒక ఏడు సరుకు చాలక, ఇంకొక ఏడు సరుకు మిగిలి నష్టపోతాడు. నిజానికి పాతబస్తీ వర్తకుడు అలా నష్టపోడు. అతని గోడకు రెండు క్యాలెండర్లు వేలాడుతుంటాయి. నష్టపోయేది మన నివేదిక.

ఒక ఉదాహరణతో ఇది స్పష్టమవుతుంది. 2024లో మన నగరంలో ఈద్ ఏప్రిల్ 11న జరిగింది. అనగా రంజాన్ చివరి పది రోజులు, కొనుగోళ్లు అత్యధికంగా జరిగే ఆ రాత్రులు, ఏప్రిల్‌లో పడ్డాయి. 2025లో ఏప్రిల్ ప్రవేశించేసరికి పండుగ అయిపోయింది. ఒక విద్యార్థి బట్టల దుకాణం పద్దుల నుండి రెండు ఏప్రిల్ నెలల అమ్మకాలు పోల్చి, ఈ ఏడు అమ్మకాలు భారీగా పడిపోయాయని కనుగొంటాడు. కారణం కోసం వెదికితే ఆన్‌లైన్ వ్యాపారం ఎదురుగా నిలిచి ఉంటుంది. సంప్రదాయ వర్తకంపై ఆన్‌లైన్ కొనుగోళ్ల దుష్ప్రభావం అనే నివేదిక సిద్ధం! చంద్రుడు చేసిన పనికి అమెజాన్‌ను నిందించినట్లు. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరొకసారి రంజాన్ ప్రారంభమవుతుంది. ఆ సంవత్సరపు వార్షిక సగటులు చూసి ఎందరు భ్రమపడతారో! హిజ్రీ తేదీల ప్రకారం అమ్మకాలను తిరిగి అమర్చి, చాంద్రమాన సూచీ ఒకటి, సౌరమాన సూచీ ఒకటి విడిగా కట్టడం డిగ్రీ విద్యార్థికి అసాధ్యమైన గణితం కాదు. కావలసినది దుకాణదారుని నమ్మకం. మన విద్యార్థుల్లో సగంమందికి ఆ దుకాణాల్లో అన్నలో, మామలో, చిన్నాన్నలో ఉన్నారు. పెద్ద పేరున్న మేనేజ్‌మెంటు సంస్థల విద్యార్థులకు ఆ పద్దుల పుస్తకం ఎవరు చూపిస్తారు?

రెండవ సంగతి భాష. మన విద్యార్థుల ప్రశ్నావళి ఇంగ్లీషులో అచ్చవుతుంది. అడిగేటప్పుడు ఎవరికి తోచినట్లు వారు ఉర్దూలోకో తెలుగులోకో మార్చుకొంటారు. నూరుగురిని నూరు ప్రశ్నలు అడిగినట్లవుతుంది. 1932లో లైకర్ట్ ప్రవేశపెట్టిన అయిదు మెట్ల కొలమానం అందరికీ ప్రీతిపాత్రం: గట్టిగా అంగీకరిస్తాను, అంగీకరిస్తాను, ఏమీ చెప్పలేను, అంగీకరించను, గట్టిగా అంగీకరించను. మన వీధుల్లో ఎవరైనా ఇలా మాట్లాడతారా? సరుకు ఎలా ఉన్నదమ్మా అంటే 'పర్వాలేదు' అంటారు. ఒకరి నోట అది మెప్పు, ఇంకొకరి నోట సహనం, మరొకరి నోట సంభాషణ ముగించే మర్యాద. ఉర్దూలో 'ఠీక్ హై' సంగతీ అంతే. దానిని ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలి? చాలామంది మూడవ మెట్టు మీద కూర్చోబెట్టి, వినియోగదారులు తటస్థంగా ఉన్నారని తేల్చేస్తారు. 'అప్పు ఉన్నదా?' అని అడిగితే లేదంటారు. అదే ఇంట్లో కిరాణా దుకాణంలో 'ఉద్దెర ఖాతా' ఉన్నదా అంటే ఉన్నదంటారు. వారి దృష్టిలో మొదటిది పరువు సమస్య, రెండవది దినచర్య. బక్రీదు మాంసం, ఫిత్రా గోధుమలు, పల్లెనుండి వచ్చిన బియ్యం వంటివి కొన్నవి కావు గనుక 'ఎంత ఖర్చు పెట్టారు' అన్న ప్రశ్నకు దొరకవు. జాతీయ సర్వే అందుకే కొన్నదానిని కాక వాడినదానిని అడిగి, ఊరకే వచ్చినదానికి కూడా విలువ కడుతుంది.

ఈ పని మనకు కొత్త కాదు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం అనువాద సంస్థ ఒకటి ఆధునిక శాస్త్రాలన్నిటికీ ఉర్దూలో పారిభాషిక పదాలు కల్పించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ తెలుగులో అదే పని చేసింది. శుమారియాత్ అన్నా, గణాంక శాస్త్రమన్నా మన రెండు భాషల్లోనూ పదసంపద సిద్ధంగా ఉన్నది. శాస్త్రానికి పదాలు కూర్చిన ఊరిలో, ఇల్లాలిని అడిగే ప్రశ్నకు పదాలు కూర్చలేమా? ఉర్దూ శాఖ, తెలుగు శాఖ, వాణిజ్య శాఖ ఒక బల్ల చుట్టూ కూర్చుంటే రెండు భాషల్లో సరిసమానమైన ప్రశ్నావళి వారం రోజుల పని. ఒక భాషలో రాసినదానిని మరొకరు రెండవ భాషలోకి, ఇంకొకరు తిరిగి మొదటి భాషలోకి మార్చి చూస్తే తేడాలు బయటపడతాయి.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. సబ్బులపై, ద్విచక్ర వాహనాలపై నివేదికలను కొంతకాలం ఆపండి. వాటి స్థానంలో కళాశాల పేర ఒకే ఒక్క సర్వేను నిలపండి. చుట్టుపక్కల రెండు బస్తీలు ఎంచుకొని, ఇంటింటికీ తిరిగి జాబితా రాసి, యాదృచ్ఛిక సంఖ్యల పట్టికతో ఏభై ఇళ్లు తీయవలెను. ఎంపికైన ఇల్లు తాళం వేసి ఉంటే పక్కింటికి పోకుండా మళ్లీ మళ్లీ వెళ్లవలెను. ఈ ఒక్క నియమమే విద్యార్థికి ప్రతిచయన శాస్త్రంలో సగం నేర్పుతుంది. రెండు బృందాలు, మహలనోబిస్ పద్ధతిలో, ఒకరి కాగితాలు ఒకరు చూడకుండా. రంజాన్‌లో ఒకసారి, మిగతా కాలంలో కనీసం మూడుసార్లు. ఇంటి ఖర్చు తెలిసినది ఇల్లాలికి. ఇంటి యజమానిని అడిగితే ఆయన ఊహ చెబుతాడు. కనుక ఈ పనికి మన విద్యార్థినులే సమర్థులు, వారే నాయకత్వం వహించవలెను. కుటుంబాల పేర్లు తొలగించి, మూల పత్రాలను ఏటేటా కుట్టించి గ్రంథాలయంలో ఉంచితే, తరువాతి తరగతి అవే ఇళ్లకు వెళ్లి అవే ప్రశ్నలు అడుగుతుంది. ఒక ఏటి అంకెలతో పెద్దగా ఏమీ తెలియదు. అయిదేండ్ల తరువాత మన బస్తీలో పాలకెంత, ట్యూషనుకెంత, మందులకెంత, ఫోను రీఛార్జికెంత పోతున్నదో ఏ ప్రభుత్వ నివేదికలోనూ దొరకనంత సూక్ష్మంగా మన గ్రంథాలయంలో ఉంటుంది.

అభ్యంతరాలు ఉంటాయి. విశ్వవిద్యాలయపు నియమావళి ప్రతి విద్యార్థికీ విడి శీర్షిక అడుగుతుందని కొందరంటారు. ఒకే సర్వే దత్తాంశాల నుండి పాల ఖర్చు ఒకరు, వైద్యం ఒకరు, ఉద్దెర ఒకరు తీసుకొంటే విడి శీర్షికలు కావలసినన్ని. ఏభై ఇళ్లు చాలా తక్కువ అని గణాంక శాఖవారు అనవచ్చును. నిజమే, నగరానికంతటికీ వర్తింపజేయడానికి చాలవు, ఆ రెండు బస్తీల గురించి మాట్లాడటానికి చాలును. ఎంత దోషం ఉండవచ్చునో లెక్కగట్టి చెప్పగలిగిన ఏభై, ఏమీ చెప్పలేని అయిదు వందలకంటె మేలు. విద్యార్థులకు తీరికలేదన్న మాట మాత్రం నేను అంగీకరించను. ఒక్కొక్కరికి మూడు నాలుగు ఇళ్లకు మించి రావు.

మార్కుల సంగతి మొదట తేలవలెను. తుది ఫలితానికి కాక, క్షేత్రంలో నింపిన మూల పత్రానికి సగం మార్కులు కేటాయించి, 'ఏ సంబంధమూ కనబడలేదు' అన్న నివేదికకు కూడా పూర్తి మార్కులు వచ్చే వీలు కల్పిస్తే గాని రెండు రంగుల కలాలు మూతపడవు. వచ్చే విద్యా సంవత్సరపు నివేదికల శీర్షికలు ఖరారు చేసే సమావేశానికి ముందే కమిటీవారు ఈ ఒక్క తీర్మానం చేయగలిగితే, ప్రశ్నావళి ముసాయిదా రెండు భాషల్లో సిద్ధం చేసే భారం వాణిజ్య శాఖ వహిస్తుంది.